కుర్చీ వీపున బొట్టు

కుర్చీ ఇంటికొచ్చిన రోజు మా అత్తగారు దానికి బొట్టు పెట్టారు. మా ఇంట్లోకి కొత్త వస్తువు ఏదొచ్చినా ఆవిడ చేతి పసుపు పడాల్సిందే. మిక్సీకి పడింది, ఇన్వర్టర్‌కి పడింది, షాపులో కొత్తగా కొన్న కాటాకి పడింది. కుర్చీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎక్కడ పెట్టాలో ఆవిడకి తోచలేదు. కూర్చునే చోట పెడితే దాని మీద ఎలా కూర్చుంటాం, తప్పు. చేతులు ఆనించే చోట పెడితే పనిలో చేతికంటుకుంటుంది. కింద చక్రాలకి పెడదామంటే అవి నేల మీద దొర్లేవి. చివరికి వీపు ఆనే చోట, సరిగ్గా నడిమధ్యన, తడి పసుపు గుండ్రంగా రాసి దాని మీద కుంకుమ అద్దారు. నేను కూర్చుంటే చెరిగిపోతుంది కదండీ అన్నాను. రెండ్రోజుల్లో చెరిగిపోయినా ఫరవాలేదు, పెట్టడం మన పని అన్నారు.

బొట్టు పడింది కుర్చీ మీద కాదు, దాని ప్లాస్టిక్ కవరు మీద. ఆ కవరు తీసేయబోయారు మా ఆయన. కుర్చీ మాసిపోతుంది, కొన్నాళ్ళు ఉండనీ అని అత్తగారు ఆపేశారు. కొన్నాళ్ళంటే మా ఇంట్లో ఎన్నాళ్ళో నాకు తెలుసు. ఫ్రిజ్ పిడికి ఉన్న కవరు మా అమ్మాయి పలక పట్టుకున్ననాటిది. పిల్ల ఇప్పుడు ఇంటర్‌కి వచ్చి విశాఖపట్నంలో హాస్టల్లో చదువుకుంటోంది. కవరు మాత్రం ఇంట్లోనే ఉంది.

పిల్ల హాస్టల్‌కి వెళ్ళాకే నేను ఉద్యోగంలో చేరాను. ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగమే. బీమా కోసం జనం పెట్టుకున్న ఆసుపత్రి కాగితాలు కంప్యూటర్ తెర మీదికి వస్తాయి. ఒక్కోటీ చదివి రోగం ఏమిటో, ఎప్పుడు చేరారో, ఏ మందులు వాడారో పక్కన గళ్ళలో కొట్టాలి. విజయనగరంలో డిగ్రీ చదువుకుని, పెళ్ళి చేసుకుని శ్రీకాకుళం వచ్చి, అరసవల్లి వెళ్ళే దారిలో ఉన్న ఈ ఇంట్లో వంటగదికీ పెరటికీ మధ్య తిరుగుతూ ఇన్నేళ్ళు గడిపినదాన్ని. నాకు ఇంకో పని వచ్చునని నేనే మర్చిపోయేంత కాలం అయింది.

కుర్చీకి ముందు నేను కూర్చోని చోటు ఇంట్లో లేదు. కంపెనీవాళ్ళు ల్యాప్‌టాప్ పంపిన కొత్తలో భోజనాల బల్ల మీద పెట్టుకున్నాను. మధ్యాహ్నం కాకముందే దాని మీదికి కూరగిన్నెలు వచ్చేవి, నేను ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని లేచేదాన్ని. కొన్నాళ్ళు మంచం మీద, ఒళ్ళో దిండు పెట్టుకుని చేశాను. సాయంత్రానికి నడుము నాది కాదనిపించేది. తర్వాత కుట్టుమిషను బల్ల మీదికి మారాను. కింద తొక్కుడు చెక్క ఉంటుంది కదా, పనిలో పడి తెలీకుండా తొక్కేసేదాన్ని, బల్లంతా ఊగిపోయేది. పొద్దున్నే లేచి టిఫిన్లూ వంటా షాపుకి పంపే క్యారేజీ ముగించుకుని తెర ముందు కూర్చునేసరికే ఒంట్లో సగం సత్తువ అయిపోయేది. మిగతా సగం తెర తినేసేది.

మొదట మెడ పట్టేసింది. తర్వాత కుడి భుజం. తర్వాత కుడిచేతి వేళ్ళు తిమ్మిరెక్కడం మొదలైంది. ఒకరోజు పొద్దున్న దోసె తిరగేస్తుంటే అట్లకాడ చేతిలోంచి జారి పడింది. వంగి తీశాను. తీశానని కంటికి తెలుస్తోంది గానీ వేళ్ళకి తెలియడం లేదు. ఆ రోజు భయపడ్డాను.

ఎముకల డాక్టరు చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, ముందు కూర్చునే పద్ధతి మార్చమన్నారు. మార్చినా తగ్గకపోతే కీబోర్డు పని మానెయ్యాల్సిందేనన్నారు. ఆ మాట ఆయన మందుచీటీ రాస్తూ తల ఎత్తకుండా అన్నారు. ఈ పని పోతే ఈ వయసులో నాకు ఇంకోటి ఎవరిస్తారు? ఇంకో సంగతి కూడా ఉంది. ఆ ఉద్యోగంలో నన్ను పేరు పెట్టి పిలుస్తారు. ఇంట్లో నేను అమ్మని, వదినని, కోడలిని, మా ఆయనకి 'ఇదిగో'ని. పొద్దున్న మీటింగులో ఎవరో ఒక కుర్రాడు నా పేరు పలికి, నిన్న మీ పని బాగుందండీ అంటాడు. నవ్వితే నవ్వండి, ఆ ఒక్క మాట కోసం నేను రోజంతా లాగేదాన్ని.

కూర్చోవడం నేర్పడానికి డాక్టరుగారు నన్ను ఫిజియోథెరపీ చేసే ఒక అమ్మాయి దగ్గరికి పంపారు. ఆ అమ్మాయి చెప్పినవి వినడానికి తేలికగానే ఉన్నాయి. తెర పై అంచు కళ్ళకి సమానంగా ఉండాలి. టైపు చేసేటప్పుడు మోచేతులు ఒంటికి దగ్గరగా ఉండి, మణికట్లు వంగకుండా ఉండాలి. పాదాలు పూర్తిగా కింద ఆనాలి, నడుము వెనక ఖాళీ ఉండకూడదు. వెలుగు పక్కనుంచి పడాలి, ఎదురుగా కొట్టకూడదు. మనిషి కూర్చోవడానికి ఇంత చదువు ఉందని నాకు అప్పటిదాకా తెలీదు.

మా ఆయన ఉత్సాహం చూడాల్సిందే. షాపులో సరుకు సర్దినట్టు నన్ను సర్దడం మొదలుపెట్టారు. టేపు తెచ్చి నా మోచేయి ఎంత ఎత్తులో ఉందో కొలిచి, వడ్రంగి చేత ఆ ఎత్తుకి బల్ల చేయించారు. కొలిచింది భోజనాల కుర్చీలో కూర్చోబెట్టి కాబట్టి బల్ల కాస్త ఎత్తు వచ్చింది. ల్యాప్‌టాప్ ఎత్తడానికి బిస్కట్లు వచ్చిన పెద్ద రేకుడబ్బా బోర్లించారు. కీబోర్డూ మౌసూ విడిగా కొన్నారు. చెవులకి తగిలించుకునే వైరు సెట్టు కొన్నారు. విశాఖపట్నం నుంచి ఈ కుర్చీ తెప్పించారు. నడుముకి వేరే మీట, చేతులకి వేరే మీట, ఎత్తుకి వేరే మీట. అన్నీ తిప్పి చూపించి, ఇంక నీకేటి లోటు అన్నట్టు నా మొహం చూశారు.

లోటు కాళ్ళ దగ్గర వచ్చింది. బల్లకి సరిపోయేలా కుర్చీ ఎత్తితే నా పాదాలు గాల్లో వేలాడాయి. కింద పీట వేసుకోబోతే, అవి పూజ పీటలు, దేవుణ్ణి కూర్చోబెట్టే చోట కాళ్ళు పెడతావా అని అత్తగారు లాగేసుకున్నారు. మా ఆయన పిల్ల పాత పుస్తకాల కట్ట తెచ్చారు. పుస్తకాల మీద కాళ్ళేమిటని నేనే వద్దన్నాను. గోనె సంచి మడతపెట్టి వేస్తే, నిన్నటిదాకా బియ్యం ఉన్న సంచి అది, అన్నపూర్ణ అన్నారు అత్తగారు. చివరికి రెండు ఇటుకలకి పాత దుప్పటి చుట్టి వేశాం. ఇటుకలకి అభ్యంతరం చెప్పే దేవుడెవరూ దొరకలేదు.

ఇక ఎటు తిరిగి కూర్చోవాలన్న సంగతి. మా పడకగదిలో సగం షాపు సరుకే ఉంటుంది. ఇంటర్నెట్ డబ్బా, ఇన్వర్టర్ కనెక్షన్ ఉన్న ప్లగ్గు హాల్లోనే ఉన్నాయి కాబట్టి హాలు తప్పదు. కంపెనీ పని చేసుకునే మనిషి తూర్పు మొహంగా కూర్చోవాలని అత్తగారు, మా ఆయన ఏకమయ్యారు. షాపులో గల్లాపెట్టె అలాగే ఉంటుంది, మూడు తరాలుగా అలాగే ఉంది. తూర్పున మా వీధి గుమ్మం. పొద్దున్న ఎండ తిన్నగా కళ్ళల్లో కొడుతుందంటే, సూర్యనారాయణస్వామి గుడి నీడన ఉంటూ ఆయన్ని ఎదురుగా రావద్దంటావా అని అత్తగారు నవ్వారు. గుమ్మానికి కర్టెన్ కట్టుకున్నాను. మా కంపెనీకి ఆదివారం సెలవు లేదు. ఆదివారాలు గుడికి వెళ్ళే ఆటోల హారన్లు ఆ కర్టెన్‌లోంచి వచ్చి మీటింగుల్లో దూరేవి. అదీ సర్దుకున్నాను. అలా నా బల్ల వీధి గుమ్మానికి ఎదురుగా కుదిరింది. ఆ గుమ్మంలోంచే మా మావగారు వస్తారు.

మా మావగారు మంచివారు. ఈ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే ఇక్కణ్ణుంచి కాసేపు నా విసుగే కనిపిస్తుంది. వీధి చివరున్న మా కిరాణా షాపు ఆయన కొడుక్కి అప్పగించారు గానీ మనసు అప్పగించలేదు. ఇంట్లో ఉంటే షాపు గుర్తొస్తుంది, షాపులో ఉంటే ఇల్లు గుర్తొస్తుంది. కళ్ళజోడు కోసం వస్తారు. మాత్ర వేసుకోవడానికి వస్తారు. షాపులో ఎవరో చెప్పిన భోగాపురం విమానాశ్రయం సంగతి అత్తగారి చెవిన వెయ్యడానికి వస్తారు. మోకాళ్ళు నొప్పులని మూలుగుతూనే వస్తారు, మూలుగుతూనే వెళ్తారు.

ఆయన వస్తే నేను లేచి నిలబడాలి. ఇది నాకు ఎవరూ చెప్పలేదు, ఎవరూ చెప్పక్కర్లేదు. విజయనగరంలో మా అమ్మ మా తాతయ్య ముందు కుర్చీలో కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. పెళ్ళయి వచ్చిన నాటి నుంచి నేనూ అంతే. మావగారూ నన్ను నేరుగా పలకరించరు. కావలసింది ఏదైనా ఉంటే గోడతో చెబుతారు. మంచినీళ్ళు ఉంటే బాగున్ను అంటారు, నేను తెచ్చి బల్ల మీద పెడతాను. ఆయన లోపలి గదిలోకి వెళ్ళేదాకా, లేదా మళ్ళీ గుమ్మం దాటేదాకా నిలబడి ఉంటాను. బయట ఆయన చెప్పులు విడిచిన చప్పుడు వింటే చాలు, తల ఇంకా కాగితంలో ఉండగానే ఒళ్ళు దానంతటదే లేచేది.

మధ్యమధ్యలో కుర్చీలోంచి లేస్తూ ఉండమని ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పింది. ఆ లెక్కన నాకన్నా ఆరోగ్యవంతురాలు జిల్లాలో ఉండకూడదు. కానీ నెలలు గడిచినా మెడ అలాగే ఉంది. వేళ్ళ తిమ్మిరి మణికట్టు దాకా పాకింది. కొత్త బల్ల, కొత్త కుర్చీ, ఇటుకలు, రేకుడబ్బా, ఇన్ని పెట్టుకుని కూడా తగ్గలేదంటే లోపం నా ఒంట్లోనే ఉందనుకున్నాను. మా ఆయనకి చెప్పడానికి మొహం చెల్లలేదు. పాపం, ఎంతో సరదాపడి చేయించారు.

మళ్ళీ ఆ అమ్మాయి దగ్గరికి వెళ్ళాను. నా ఫోన్‌లో బల్లా కుర్చీ ఫోటోలు చూసింది, బాగానే ఉన్నాయంది. ఇంట్లో ఎలా కూర్చుంటారో అలా ఒకసారి కూర్చోండి అని తన కుర్చీ ఇచ్చింది. కూర్చుని, ఎదుట కీబోర్డు ఉన్నట్టు చేతులు చాపాను. ఆ అమ్మాయి నా చుట్టూ తిరిగి చూసి, బయట మిమ్మల్ని ఎవరైనా పిలుస్తున్నారా అని అడిగింది. లేదన్నాను. నా వీపుకీ కుర్చీకీ మధ్య తన చెయ్యి అడ్డంగా పోనిచ్చి చూపించింది. నేను కుర్చీ అంచున ఉన్నాను. మడమలు పైకి లేచి ఉన్నాయి. భుజాలు ముందుకు వంగి, ఏ క్షణంలోనైనా లేచిపోయేదానిలా ఉన్నాను.

"మీ బల్ల బాగుందండీ, కుర్చీ బాగుంది," అంది. "మీరే కూర్చోవడం లేదు."

ముళ్ళ మీద కూర్చోవడం అంటారే, మెత్తటి కుర్చీ కొనుక్కుని ఇన్నాళ్ళూ నేను చేసింది అదే. తిరిగి వస్తూ ఆటోలో వెనక్కి ఆనుకుని చూశాను. ఒక సందు తిరిగేసరికి మళ్ళీ ముందుకి వచ్చేశాను.

ఆ సాయంత్రం మా ఆయనకి చెప్పాను. అయితే లేవడం మానెయ్, ఎవరు లెగమన్నారు, నాన్న ఏమీ అనుకోరు అన్నారు. మగవాళ్ళకి ఇలాంటివి ఎంత తేలికో. పోనీ మీరు ఆయనతో ఒక మాట చెప్పండి అంటే, ఏమని చెప్పను, నువ్వొస్తే మా ఆవిడ లేవదట అని చెప్పనా అన్నారు. నిజమే, ఎలా చెప్తారు. ఆ మాట ఏ రకంగా చెప్పినా తలపొగరుగానే వినిపిస్తుంది. నాకు వాదించే ఓపిక లేదు. అన్నం పెట్టేసి పడుకున్నాను.

తర్వాత కొన్నాళ్ళకి ఆ పెద్ద మీటింగు వచ్చింది. అందరూ కెమెరాలు పెట్టుకుని కూర్చోవాలన్నారు. పై అధికారి ఏదో కొత్త పద్ధతి చెబుతున్నారు, నేను చెవులకి సెట్టు తగిలించుకుని వింటున్నాను. అందుకే చెప్పుల చప్పుడు వినపడలేదు. తల ఎత్తేసరికి మావగారు కర్టెన్ తొలగించుకుని ఎదురుగా ఉన్నారు. గభాలున లేచాను. చెవుల వైరు ల్యాప్‌టాప్‌ని లాగింది, అది రేకుడబ్బా మీంచి జారి బల్ల అంచుకి వచ్చేసింది. రెండు చేతులా పట్టుకోబోతే కుడిచెయ్యి పని చెయ్యలేదు. ఎడంచేత్తో, పొట్టతో ఆపాను. డబ్బా కింద పడి ఇల్లంతా మోగింది. తెరలో ఎవరో నా పేరు పిలిచి, ఏమైందండీ అని అడుగుతున్నారు. నేను మావగారి ఎదుట ల్యాప్‌టాప్‌ని కడుపుకి హత్తుకుని నిలబడి ఉన్నాను. ఆయన ఒక్క క్షణం నన్ను చూసి, వచ్చిన పని మర్చిపోయి, అలాగే వెనక్కి వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం భోజనానికి వచ్చారు. నేను వంటింట్లో ఉండిపోయాను, వడ్డన అత్తగారు చేశారు. మర్నాటి నుంచి మావగారు వీధి గుమ్మంలోంచి రావడం మానేశారు.

మొదట గమనించలేదు. రెండు మూడు రోజులు హాయిగా పని సాగాక, ఈయన రావడం లేదేమిటి అనుకున్నాను. వస్తున్నారు. మా ఇంటికీ పక్కింటికీ మధ్య ఒక సందు ఉంది, మనిషి ఒక్కడు పట్టేంత. కాలవ మీద పలకలు పరిచి ఉంటాయి, అవి సరిగ్గా ఉండవు. ఆ సందులోంచి చుట్టూ తిరిగి, పెరటి వైపు ఎత్తు మెట్టెక్కి, వంటింటి పక్క నుంచి తన గదిలోకి వెళ్తున్నారు. పెరట్లో కాళ్ళు కడుక్కుంటున్న చప్పుడు, మెట్టెక్కుతూ అబ్బా అనే మూలుగు నాకు వినిపించేవి.

కోపం వచ్చిందన్నమాట. కోడలు బల్ల వేసుకుని కూర్చున్న హాల్లో అడుగు పెట్టకూడదని ఒట్టు పెట్టుకున్నారన్నమాట. నాకు అలాగే అర్థమైంది. గుమ్మం తెరిచే ఉండేది, ఎవరూ వచ్చేవారు కాదు, అయినా నా చెవి దాని మీదే ఉండేది. వీపు మునుపటికన్నా బిగుసుకుపోయింది. నా ఉద్యోగం కోసం ఒక పెద్దాయన తన ఇంట్లో తాను పెరటి దారిన తిరుగుతున్నారు. ఈ కుర్చీలో నాకు సుఖం ఎలా వస్తుంది? అత్తగారిని అడుగుదామని రెండుసార్లు నోటిదాకా వచ్చి ఆగిపోయాను. అవునమ్మా, కోపమే అని ఆవిడ అంటే నేనేం చెయ్యాలి?

చెయ్యి ఇంకా పాడైంది. తలదువ్వుకోవడానికి దువ్వెన ఎడంచేతిలోకి మారింది. ఒకనాడు మా ఆయనతో, నెలాఖరుకి ఉద్యోగం మానేస్తాను అన్నాను. ఎందుకు అని అడుగుతారేమో, వద్దంటారేమో అనుకున్నాను. నీ ఆరోగ్యం కన్నా ఏముంది, నీ ఇష్టం అన్నారు. మంచి మాటే అది. కానీ నాకు చాలా దిగులేసింది. ఎవరైనా వద్దంటే బాగుణ్ణని నాకే తెలీకుండా ఎదురుచూసినట్టున్నాను.

ఆ వారంలోనే వానలు పట్టుకున్నాయి. సందులో పలకలు నాచు పట్టాయి. ఒకరోజు నేను పనిలో ఉండగా పెరటి వైపు ధబ్బుమని చప్పుడు, వెంటనే అత్తగారి కేక. పరిగెత్తాను. మావగారు సందు మొగలో గోడ పట్టుకుని కూలబడి ఉన్నారు, పంచె నిండా బురద. మా ఆయనకి ఫోన్ చేశాను. ఎముక విరగలేదు గానీ మోకాలు కొబ్బరికాయంత వాచింది. కొన్నాళ్ళు కాలు కదపకుండా ఇంట్లో ఉండమన్నారు డాక్టరుగారు.

ఆ సాయంత్రం వంటింట్లో కాపడానికి నీళ్ళు కాస్తుంటే అత్తగారు ఆయన్ని తిడుతూనే ఉన్నారు. రాచబాట లాంటి గుమ్మం ఉండగా ఈ వయసులో సందులెందుకు అని. నాకు ఆగలేదు. నా మీద కోపంతోనే కదండీ అన్నాను. ఆవిడ చేతిలో గుడ్డ ఆపి నా వైపు చూశారు.

"కోపమేటి? నీకు తెలీదా ఏటి?" అన్నారు. "ఆ రోజు నీ మిషను పడబోయింది సూడు. ఆ రోజు మజ్జాన్నం నువ్వు వంటింట్లో ఉన్నప్పుడు మీ మావ నీ కుర్సీ కాడ నిలబడిపోయేరు. నేనెట్టిన బొట్టు సూపించి అడిగేరు, ఇన్నాళ్ళయినా ఇది సెరగలేదేటి, ఆ పిల్ల ఎప్పుడూ ఎనక్కి జారబడదా అని."

"మీరేమన్నారు?"

"ఏటంటాను. నువ్వు గడియకోసారి వస్తంటే ఎలా జారబడతాది అన్నాను. మర్నాటి నుంచి సందులోంచి తిరుగుతన్నారు. నీకు సెప్పొద్దన్నారు. సెప్తే మొహమాటపడతాదంట."

స్టవ్ ఆపి హాల్లోకి వెళ్ళాను. రోజూ దాని ముందే కూర్చుంటున్నా నేను ఆ బొట్టుని చూసి ఎన్నాళ్ళో అయింది. వీపు వెనక ఉన్నది ఎవరు చూస్తారు. ప్లాస్టిక్ మీద పసుపు ఎండి పెచ్చులా గట్టిపడింది. కుంకుమ పెట్టిన నాటి గుండ్రం పెట్టినట్టే ఉంది. కూర్చునే చోట మాత్రం ముందంచు నలిగి, కవరు చిరిగి, లోపలి స్పాంజి కుంగిపోయి ఉంది. మూడు తరాల గల్లాపెట్టె వెనక కూర్చుని జీవితం గడిపిన మనిషికి, ఒక మనిషి ఎలా కూర్చుంటుందో ఆ కుర్చీ చూస్తే తెలిసిపోయింది. నేను అక్కడే నిలబడిపోయాను. ఆయన మెట్టెక్కుతూ మూలిగిన మూలుగులన్నీ గుర్తొచ్చాయి. ఏడుపొచ్చింది, సిగ్గేసింది, దేనికి ఏది వస్తోందో తెలియలేదు.

మర్నాడు పొద్దున్న నేను పనిలో ఉండగా, లోపలి గది గుమ్మంలో కర్ర చప్పుడైంది. గదిలో గాలి ఆడటం లేదని మావగారు హాల్లోకి వస్తున్నారు. ఆయన పడక్కుర్చీ నా బల్లకి పక్కగానే ఉంటుంది. ఇక రోజంతా ఆయన అక్కడే. నేను రోజంతా నిలబడాలి. అంతా తెలిసి కూడా నా మడమలు లేచాయి, చేతులు కుర్చీ పిడుల మీద పడ్డాయి.

ఆయన గోడ పట్టుకుని ఆగారు. ఈసారి గోడతో చెప్పలేదు. నా వైపు చూసే అన్నారు.

"లెగకమ్మా. నువ్వు లెగిస్తే నేను మళ్ళీ సందులోంచి తిరగాలి. నా కాలు బాగోలేదు."

నేను లేవలేదు. లేవకుండా ఉండటం అంత కష్టమని అనుకోలేదు, కుర్చీ పిడులు పట్టుకుని ఆగాను. ఆయన మెల్లగా వచ్చి పడక్కుర్చీలో కూలబడి, కాలు స్టూలు మీద పెట్టుకుని, పేపరు విప్పి మొహానికి అడ్డం పెట్టుకున్నారు. ఆ పేపరు వెనక ఆయన చదువుతున్నారో, నాకు చాటు ఇస్తున్నారో తెలియదు. నేను మెల్లగా వెనక్కి జరిగాను. పాదాలు ఇటుకల మీద ఆన్చాను. వీపు తగలగానే ప్లాస్టిక్ కరకరలాడింది. నడుము వెనక ఖాళీ ఉండకూడదని ఆ అమ్మాయి చెప్పిన చోట ఏదో మెత్తగా వచ్చి ఆనింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ హాల్లో నేను వెనక్కి ఆనుకోవడం అదే మొదలు. తెర మీద అక్షరాలు కాసేపు మసకగా కనబడ్డాయి. పక్కన పేపరు తిప్పిన చప్పుడైంది గానీ ఆయన ఇటు చూడలేదు.

ఒక్కరోజులో ఏమీ బాగుపడలేదు. మెడ ఇప్పటికీ వానాకాలం సలుపుతుంది, సాయంత్రానికి వేళ్ళు బరువెక్కుతాయి. కానీ దువ్వెన మళ్ళీ కుడిచేతిలోకి వచ్చింది. నెలాఖరుకి ఉద్యోగం మానెయ్యలేదు.

నేను మొదటిసారి ఆనుకున్న ఆ రోజు సాయంత్రం పని ముగించి వంటింట్లోకి వెళ్తే, అత్తగారు నన్ను వెనక నుంచి చూసి ఆగమన్నారు. జాకెట్టు వీపున ఎండిన పసుపు, కుంకుమ పొడి. చేత్తో దులిపారు గానీ మరక పోలేదు. ఆవిడ వెళ్ళి కుర్చీ చూసి వచ్చారు. బొట్టు చెరిగి, పసుపు పొడై రాలిపోయింది. మర్నాడు శుక్రవారం. గడపకి పసుపు రాస్తూ, కుర్చీ బోసిగా ఉంది, ఎట్టీమంటావా అని నన్ను అడిగి, గిన్నె పట్టుకుని కుర్చీ దగ్గరికి వచ్చారు. నేను చెప్పేలోగా పడక్కుర్చీలోంచి, పేపరు దించకుండానే, మావగారు అన్నారు.

"ఈసారి ఎనకపక్క ఎట్టు. ముందర ఎడితే, సెరిగిపోతాదని ఆ పిల్ల మళ్ళీ అంచున కూకుంతాది."